సేవ చేసే అల్లుడి జీతం

పెళ్ళి సంబంధాల్లో కొడుకు జీతం తగ్గించి చెప్పిన తల్లిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు లలితకుమారి. మేడ్చల్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరయిన టీచరు. లెక్కల టీచరే అంత తప్పు లెక్క చెబుతారని నేనెలా అనుకుంటాను?

అసలు ఈ వ్యవహారంలోకి నేనెలా వచ్చిపడ్డానో ముందు చెప్పాలి. మాది భీమవరం వైపు. మా వారు భాస్కర్‌ది జీడిమెట్లలో మందుల కంపెనీలో ఉద్యోగం కాబట్టి, మేడ్చల్ దాటాక వేసిన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఆ కాలనీ మొత్తం ఒకప్పుడు జంగారెడ్డిగారి జొన్నచేను. అమ్మేసి చాలా ఏళ్ళయినా ఆయన మనసులో ఇంకా రిజిస్ట్రేషన్ పూర్తి కాలేదు. పొద్దున్నే బుల్లెట్ మీద కాలనీ అంతా ఒక చుట్టు తిరిగి, మా వంటింటి కిటికీ ముందు ఆగి, "గీడ మా బాయి ఉండె చెల్లె, మస్తు నీళ్ళు" అంటారు. నేను పోపు వేస్తూనే ఆ బావికి సంతాపం తెలుపుతాను.

ఆయన భార్య పద్మజ నాకు మంచి స్నేహితురాలు. వాళ్ళకు ఒక్కతే కూతురు, లిఖిత. కండ్లకోయ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒకరోజు మధ్యాహ్నం పద్మజ వచ్చి, చాటలో చింతపండు ముందు వేసుకుని కూర్చున్న నా ఎదురుగా చతికిలబడింది.

"అక్కా, లిఖితకు ఒక సంబంధం అనుకుంటున్నం. పిలగాడు నీకు ఎరుకే. లలిత టీచర్ కొడుకు."

"రఘునందనా?"

"గాయినే. మా భూమి కోసమని వస్తుండె గదా ఇంటికి. మొదలు కాయితాలు సూడనీకె వచ్చిండు. మల్ల కొలతలకు వచ్చిండు. ఇగ మొన్న ఎందుకొచ్చిండో నాకు సమజ్ కాలే. లిఖితకు అయినట్టుంది."

ఆ భూమి సంగతి నాకు తెలుసు. 'పొద్దుపొడుపు' అని ఒక పెద్ద సేవాసంస్థ ఉంది. నాలుగు రాష్ట్రాల్లో అనాథ పిల్లలకు హాస్టళ్ళు, బళ్ళు నడుపుతుంది. దాని పెద్దాఫీసు షామీర్‌పేట రోడ్డులో. రఘునందన్ ఆ సంస్థకు అధిపతి. జంగారెడ్డిగారు తన తండ్రి సంవత్సరీకం నాడు ఏటా అక్కడి పిల్లలకు అన్నం పెట్టిస్తారు. ఈ ఏడాది ఇంకో అడుగు ముందుకేసి, షామీర్‌పేట దగ్గరున్న ఒక ఎకరం ఆడపిల్లల హాస్టల్‌కు ఇస్తానని నలుగురిలో మాటిచ్చారు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాను.

"పిలగాని జీతమెంతనో మెల్లగ అడుగు. మీ అన్నకు గదే పరేషాన్. సేవ జేసేటోనికి ఏమొస్తదని. నువ్వయితె మాకు సుట్టం గాదు, వాళ్ళకు సుట్టం గాదు. రేపు మాట తేడా వచ్చినా నీతోని కొట్లాట పెట్టుకుంటె మాకేం నష్టం లేదు."

ఇంత గౌరవంగా నన్నెవరూ మధ్యవర్తిగా పెట్టుకోలేదు. ఒప్పుకున్నాను.

లలితకుమారిగారూ నేనూ ఒకే సంగీతం టీచరు దగ్గర పాడటానికి ప్రయత్నిస్తుంటాం. క్లాసు అయ్యాక బస్టాపు దాకా నడుస్తూ మెల్లగా కదిపాను. "రఘుకి జీతం బాగానే ఉంటుందేమో కదండీ?"

ఆవిడ ఎవరో బూతు మాట అన్నట్టు చుట్టూ చూశారు. "జీతమేమిటమ్మా, అది సేవ. ఏదో ఇల్లు గడవడానికి ఇస్తారు."

"ఎంతిస్తారు?"

"ఏదో... నలభై."

"వేలా?"

ఆవిడ ఎదురుగా వెళ్తున్న బస్సు నంబరు చదివారు. "వేలే అనుకో" అన్నారు.

'అనుకో' అన్న మాటను నేను పట్టించుకోవలసింది. పట్టించుకోలేదు. నలభై వేలు అని మోసుకెళ్ళి జంగారెడ్డిగారి వరండాలో దింపాను.

"నలబై వేలా!" ఆయన చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశారు. "చెల్లె, నా టిప్పర్ డ్రైవర్ నలబై రెండు దీస్కుంటడు. డీజిల్‌ల మిగిలిచ్చుకునేది మల్ల అలగ్. గీ పిలగాడు మంచోడే, నేను గాదంటలే. దండం పెడత. కానీ దండం పెట్టేటోనికి పిల్లనియ్యరు గదా."

"పెద్ద చదువు చదివాడట అన్నయ్యా. మనసు మంచిది."

"మనసుతోని కరెంటు బిల్లు కడ్తరా?"

ఆ సాయంత్రం లిఖిత మా ఇంటికొచ్చింది. కాలేజీ బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు కూడా తియ్యలేదు.

"ఆంటీ, మీరు జీతమెంతని ఎవరినడిగిండ్రు?"

"వాళ్ళమ్మగారిని."

"ఆమెకు కొడుకు జీతం తీస్కుంటడంటేనే సిగ్గు ఆంటీ. ఆయన్నే అడుగుండ్రి. నేనడిగితే బాగుండదు. మీరు ఎట్లయినా అడుగుతనే ఉన్నరు గదా అందర్ని." గొంతు తగ్గించి అంది, "నాకు ఆయనే కావాలె. ఇంకొకర్ని సూపెట్టొద్దని మా నాయినకు మీరే చెప్పాలె."

ఆ పిల్ల మొహం చూశాక, ఇది నలభై వేల వ్యవహారం కాదని అర్థమైంది. రఘునందన్‌కి ఫోన్ చేశాను. ఇటువంటివి డొంకతిరుగుడుగా అడిగితే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి, సూటిగానే అడిగాను.

"నెలకు నాలుగు లక్షలు ఆంటీ" అన్నాడు. ఎత్తెంత అంటే అయిదడుగుల తొమ్మిది అన్నట్టు చెప్పాడు.

నేను సోఫాలో కూర్చున్నాను. "మరి మీ అమ్మగారు..."

"అమ్మ లెక్కలో నేను పిల్లల కంచంలో చెయ్యి పెడుతున్నాను. మొదటి జీతం తెచ్చిస్తే దేవుడి దగ్గర పెట్టి వారం రోజులు ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆవిడ పెన్షనుతోనే కూరలు కొంటుంది."

"బాబూ, తప్పుగా అనుకోకు. సేవకు అంత ఎందుకిస్తారు?"

ఈ ప్రశ్న అతనికి కొత్త కాదనుకుంటాను. నిట్టూర్చలేదు, కోప్పడలేదు. "నా కన్నా ముందున్న పెద్దాయన పైసా తీసుకోలేదు ఆంటీ. చాలా గొప్పవాడు. ఆయన ఉండగా హాస్టల్లో వంటవాళ్ళకు నెలల తరబడి జీతాలు అందలేదు. ఎవరైనా నిలదీద్దామంటే, ఊరికే పనిచేసే మనిషిని ఎలా అడుగుతారు? నన్నయితే అడగొచ్చు. నెలనెలా అడుగుతారు కూడా. మూడు వేల మంది పనిచేసే చోటు. ఏడాదికి నూట నలభై కోట్లు చేతులు మారే చోటు. జీతం ఎంతన్నది బోర్డు పెట్టింది, నేను పెట్టుకున్నది కాదు."

ఫోనులో ఉన్నంతసేపూ నాకు పూర్తిగా సబబనిపించింది. ఫోను పెట్టేశాక మళ్ళీ అనుమానం వచ్చింది. పోయిన శ్రావణమాసంలో అదే సంస్థకు నేను ఐదొందలు పంపాను. అది అతను ఒకసారి టీ తాగొచ్చేంత సేపటికి సరిపోయిందేమో.

మా వారికి చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, "మా ఎండీకి నెలకు పాతిక లక్షలు. దగ్గుమందు అమ్మినందుకు. నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారు.

"దగ్గుమందు దానం కాదుగా."

"దగ్గేవాడు దానికి డబ్బిస్తున్నాడా లేదా?"

"ఇస్తే?"

"ఏం లేదు. ఊరికే అన్నాను" అని పేజీ తిప్పారు. ఆయనతో మాట్లాడితే నాకు అంతకుముందున్న కాస్త స్పష్టత కూడా పోతుంది.

ఏమైతేనేం, నలభై వేలకు సంబంధం చెడితే నాలుగు లక్షలకు కుదురుతుంది కదా అనుకుని మర్నాడు ఉత్సాహంగా జంగారెడ్డిగారింటికి వెళ్ళాను. విషయం చెప్పాను.

"నాలుగు లచ్చలా!" అని పద్మజ దేవుడి పటం వైపు తిరిగి చేతులు జోడించింది.

జంగారెడ్డిగారు మాత్రం కదల్లేదు. మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఒకే మాటన్నారు. "దొంగ."

"అయ్యో, అదేమిటన్నయ్యా!"

"అనాథ పిల్లల పైసలు చెల్లె. తల్లి లేదు, తండ్రి లేడు. వాళ్ళ పేరు మీద వచ్చిన పైసల్ల నెలకు నాలుగు లచ్చలు తింటున్నడంటే ఏమనాలె?"

పద్మజ ఇటు తిరిగింది. "ఏమయ్యా, మొన్న నలబై వేలంటే బిచ్చగాడన్నవ్. ఇయ్యాల నాలుగు లచ్చలంటే దొంగ అంటున్నవ్. మరెంత దీస్కుంటే నీకు అల్లుడైతడు? గా ముచ్చట చెప్పు, గంతే దీస్కొమ్మందం."

ఆయన ఇది ఎగతాళి అని గ్రహించలేదు. నిజంగానే ఆలోచించారు. ప్లాటు ధర చెప్పేటప్పుడు చూసినట్టు పైకప్పు వైపు చూసి, "లచ్చ... లచ్చా ఇరవై. గంత కంటె పైకి పోవద్దు" అన్నారు.

"లచ్చా ముప్పై అంటే దొంగనా?"

"నువ్వు జర సప్పుడు జెయ్యకు."

నేను కలగజేసుకుని, జీతం తీసుకోని పెద్దాయన కాలంలో వంటవాళ్ళ గతి ఏమైందో చెప్పాను. దానికి మాత్రం ఆయన తల ఊపారు. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మనిషి. "గదైతె నిజమే. ఊరికెనే చేస్త అనేటోడు ఎవ్వని మాట ఇనడు. మా ఊర్ల గుడి కమిటీల ఒకాయన ఉండె, పైసా దీస్కోడు, ఎవ్వనికి లెక్క చెప్పడు" అన్నారు. మెత్తబడ్డారనుకున్నాను. పద్మజ టీ పెట్టడానికి లేచింది.

సరిగ్గా అప్పుడే ఆయనకు ఇంకొకటి తట్టింది. తట్టినట్టు నాకు కళ్ళారా కనిపించింది. లేచి నిలబడ్డారు.

"ఆగు. బాపు పేరు మీద ఏటేట నేను గాడ బువ్వ పెట్టిస్తున్ననా?"

"పెట్టిస్తున్నారు."

"ఇప్పుడు ఎకరం ఇస్తున్ననా?"

"ఇస్తున్నారు."

"గట్ల నాలాంటోళ్ళు ఇచ్చిన దాన్ల కెల్లే గదా గా పిలగానికి జీతం? గా జీతంతోనే గదా రేపు నా బిడ్డ తినేది? అంటే బాపు పేరు మీద నేను ఇచ్చిన దానం మల్ల తిరిగి నా ఇంటికే వస్తున్నట్టు గాదా? ఇచ్చి మల్ల తీస్కున్నట్టు గాదా చెల్లె?"

పద్మజ గుమ్మంలోనే ఆగిపోయింది. డిగ్రీలో నేను చదివింది ఎకనామిక్స్. అందులో ఈ పాఠం లేదు.

ఇంటికెళ్ళి ఆలోచించి, మర్నాడు కాగితం మీద లెక్క వేసుకుని మరీ వెళ్ళాను. సంస్థకు వచ్చే వంద రూపాయల్లో అతని జీతానికి పోయేది ముప్పై నాలుగు పైసలు. మీరిచ్చినదాంట్లో లిఖిత నోటిదాకా వచ్చేది చిటికెడు ఉప్పంత కూడా ఉండదు అని చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "పాపానికి పర్సంటేజ్ ఉంటదా చెల్లె?" అన్నారు.

ఊళ్ళో పంతులుగారిని కూడా అడిగొచ్చారట. ఆయన పంచాంగం అటూ ఇటూ తిప్పి, అనుమానం ఉన్నచోట ఆగడం మంచిదని చెప్పి, అనుమానం ఎందుకో మాత్రం చెప్పలేదట.

ఇక జంగారెడ్డిగారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "ఒక్క దిక్కుకు రెండియ్య. భూమన్న ఇస్త, పిల్లనన్న ఇస్త. పిల్లనిస్తే ఇగ ఆ సంస్థకు నా ఇంట్ల కెల్లి గింజ పోదు. భూమి ఇస్తే పిల్లను వేరే ఇంటికిస్త. ఏది కావాల్నో గా పిలగాన్నే తేల్చుకొమ్మను. నువ్వే చెప్పు చెల్లె, నేను చెప్తే నాకు కోపమొస్తది."

నాకు రాదన్నమాట.

రఘునందన్‌ని ఇంటికి పిలిచాను. కాఫీ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కప్పు చేతిలో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు తోచక బల్ల తుడిచాను. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను.

"భూమి, ఆంటీ" అన్నాడు చివరికి.

"బాగా ఆలోచించుకో నాయనా."

"ఆడపిల్లలు రెండొందల మంది రేకుల షెడ్డులో ఉంటున్నారు. మొన్న ఎండల్లో ఇద్దరు సొమ్మసిల్లి పడిపోయారు. ఆ ఎకరం వద్దనడానికి అది నాది కాదు. నా పెళ్ళి కోసం దాన్ని వదిలేశాననుకోండి, అప్పుడు ఆయనన్న మాట నిజమే అవుతుంది. దొంగనే అవుతాను." లేచాడు. కాఫీ ముట్టలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ కుడిది ఎడమకాలికి వేసుకున్నాడు. సరిచేసుకుని, "లిఖితకి మీరే చెప్తారా?" అన్నాడు.

ఈ ఊళ్ళో అన్నీ నేనే చెప్పాలి.

లిఖిత అంతా నిలబడే విన్నది. "భూమి అన్నడా?"

"అన్నాడమ్మా."

"ఎంతసేపు ఆలోచించిండు ఆంటీ?"

"చాలాసేపే."

"ఎంతసేపు?"

"కాఫీ చల్లారేంతసేపు."

"గంతేనా?" అంది. ఆ 'గంతేనా' నా చెవిలో చాలా రోజులు ఉండిపోయింది. కాఫీ ఇంకాస్త వేడిగా ఇవ్వాల్సిందేమో అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల తండ్రితో మాట్లాడటం మానేసింది. రఘునందన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. తల్లి కొత్తగా చూపించిన మల్కాజిగిరి సంబంధం ఫొటో మీద కూరగాయలు తరిగింది. జంగారెడ్డిగారు మాత్రం విచిత్రంగా తయారయ్యారు. బుల్లెట్ మా కిటికీ ముందు ఆపి, బావి సంగతి ఎత్తకుండా, "భూమి ఇడిసిపెట్టలే సూసినవా చెల్లె? పిల్ల కోసమని ఒక్క గజం ఇడిసిపెట్టలే. గట్టోడు. గసొంటోడు అల్లుడయితే ఆస్తికి ఢోకా ఉండకపోవు" అన్నారు.

"మరి ఇంకేం, ఇచ్చెయ్యండి."

"గదే గదా పరేషాన్. దోషం ఉన్నది గదా" అని నిట్టూర్చి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

భూమి రాసిచ్చే రోజు రానే వచ్చింది. అది ఆయన తాతల నాటి భూమి. ఇటువంటి భూమి చేతులు మారాలంటే కూతురు సంతకం కూడా తీసుకుంటారు, రేపెవరూ వచ్చి నా వాటా ఏదని అడక్కుండా. అందుకని లిఖితను తీసుకొచ్చారు. తోడుగా పద్మజ వచ్చింది. సాక్షి సంతకానికి నన్ను. ఎందుకంటే నేను ఎవరికీ చుట్టం కాదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట డాక్యుమెంట్ రైటర్ల దుకాణాలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో కూర్చున్నాం. పక్కనే జిరాక్స్ మిషన్, దాని ముందు ఆధార్ కార్డులు పట్టుకున్న జనం. సంస్థ తరఫున రఘునందన్ వచ్చాడు. లిఖిత అతని వైపు చూడలేదు. అతను ఇంకెటూ చూడలేదు. రైటర్ కాగితాలు సర్ది, జంగారెడ్డిగారి సంతకాలు ముందుగా తీసుకుని, "అమ్మా, మీరు గీడ, గీడ, వెనుక పేజీల గీడ" అని వేలితో చూపించాడు.

లిఖిత పెన్ను తీసుకుంది. సంతకం పెట్టలేదు.

"రఘూ" అంది. అప్పటిదాకా మా ముందు ఆ పేరు పెట్టి పిలవలేదు. "నేను గిప్పుడు సంతకం పెట్టకుంటే నీకు ఎకరం రాదు. ఏంజేస్తవ్?"

"ఇంకో ఎకరం వెతుకుతాను. అది నా పని."

"మరి నన్ను?"

అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఇంకొకర్ని వెతకను" అన్నాడు.

"భూమి అన్నవ్ గద మరి, కాఫీ సల్లారకముందే?"

"చల్లారింది" అన్నాన్నేను. ఎవరూ పట్టించుకోలేదు.

"మీ నాన్నగారు అడిగింది సంస్థ పెద్దని, లిఖితా. అతనికి వేరే జవాబు లేదు. నన్ను ఎవరూ అడగలేదు" అన్నాడు రఘునందన్.

లిఖిత కాసేపు అతన్నే చూసింది. తర్వాత వంగి గీడ, గీడ, వెనుక పేజీలో గీడ, గబగబా సంతకాలు పెట్టేసింది. పెన్ను మూత పెట్టి తండ్రి వైపు తిరిగింది. ఇన్నాళ్ళ తర్వాత ఆయనతో మొదటి మాట.

"నాయినా, నాకు పెండ్లి చేసినంక నేను ఏ ఇంటి పిల్లను?"

"గదేం సవాల్? అత్తగారింటి పిల్లవు."

"నా గోత్రం మారుతది?"

"మారుతది."

"కన్యాదానం చేస్తవ్ గదా. ఇచ్చినంక నేను నీ ఇంటి మనిషిని గాదనే గదా దాని లెక్క?"

"ఔ... గట్లనే అంటరు."

"మరి నేను తింటె నీ దానం నీ ఇంటికి తిరిగొచ్చినట్టు ఎట్లయితది? భూమిని ఒక దిక్కు ఇచ్చినవ్. నన్నొక దిక్కు ఇచ్చినవ్. గా రెండు కలిసేది నీ దర్వాజ బైటనే గదా. నీకేం పాపం?"

రైటర్ చేతిలో స్టాంపు గాల్లో ఆగింది. జిరాక్స్ వరసలో నిలబడ్డ ఒకాయన, మాకేమీ కాని మనిషి, "కరెక్టే గదనే అన్నా పాప చెప్పేది" అన్నాడు.

జంగారెడ్డిగారు కూతురి వైపు తిరిగారు. ఆ మొహంలో లెక్క తిరగడం నాకు కనబడుతూనే ఉంది, కానీ ఈసారి అది ఆయన అనుకున్న చోట ఆగినట్టు లేదు.

"అంటే... నువ్వు నా ఇంటి పిల్లవు గావా?" అన్నారు.

"నువ్వే చెప్పు. గాదను, దోషం లేదు, పెండ్లి చేసెయ్. ఔనను, దోషం ఉన్నది, ఇంట్లనే ఉంట. ఏది చెప్తే గది."

ఆయన పద్మజ వైపు చూశారు. పద్మజ కొంగు సర్దుకుంది. నా వైపు చూశారు. నేను జిరాక్స్ మిషన్ వైపు చూశాను. రఘునందన్ ఏదో చెప్పబోతే లిఖిత చెయ్యి అడ్డం పెట్టింది.

ఎన్నో వందల ప్లాట్లు ఇది నాది, అది నీది అని గీతలు గీసి అమ్మిన మనిషి. ఆ ఒక్క మాట అనలేకపోయారు. ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటూ తువ్వాలు వెనకే కాసేపు ఉండిపోయారు.

"గట్ల నన్ను ఇరకాటంల పెట్టకు బిడ్డా" అన్న మాట తువ్వాల్లోంచి వచ్చింది. "నా ఇంటి పిల్లవు గాదని నా నోటితోని అనిపియ్యకు. అననీకె నాకు చాతగాదు." తువ్వాలు తీశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దోషమొస్తె రానీ. బాపుకు నేను చెప్పుకుంట. నువ్వు నా పిల్లవే, పెండ్లీ అయితది, భూమీ పోతది. పాపం ఎంతయితే గంత నేనే మోస్త. ఇగ జల్దీ పని కానియ్యవయ్యా" అని రైటర్ మీద అరిచారు.

స్టాంపు పడింది. లిఖిత తండ్రి కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఇప్పటిదాకా అంత తెలివిగా మాట్లాడిన పిల్ల, ఆఫీసు ముందు అందరూ చూస్తుండగా చిన్నపిల్లలా ఏడ్చింది. పద్మజ ఏడుస్తూనే, "కొత్త డ్రెస్సు, నేల మీద కూసున్నవ్" అని తిట్టింది.

ఇంతకీ ఆయన దోషం ఉన్నట్టు ఒప్పుకున్నట్టా, కొట్టేసినట్టా? నాకు తెలియలేదు. నెలకు నాలుగు లక్షలు న్యాయమా అన్యాయమా అన్నది అసలు ఎవరూ తేల్చనే లేదు. లోపల రిజిస్ట్రేషన్ ముగించుకుని, రోడ్డు దాటి కారు దగ్గరికి నడుస్తుంటే రఘునందన్‌ని అడుగుదామనుకున్నాను. కానీ జంగారెడ్డిగారు అప్పటికే అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళారు.

"గది గాదు గానీ, నాలుగు లచ్చలంటే చేతికొచ్చేదేనా? కటింగులు పోంగనా?"

"కటింగులు పోను మూడుకి కొంచెం తక్కువ వస్తుంది అంకుల్."

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయారు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

"మూడుకు తక్కువనా? మూడు వేల మందిని సూసుకునేటోనికి? గదేం అన్యాయమయ్యా! పెంచుమని అడగవా మరి?"